న్యాయ సలహా: కుర్చీ దిగకుండా ఎక్కే బండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రాయదుర్గంలో ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. చందానగర్‌లో అమ్మానాన్నలతో ఉంటాను. రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. సదరం సర్టిఫికెట్‌లో 80 శాతం అని ఉంది. మోటారు వీల్‌చెయిర్ వాడతాను. ఇన్నాళ్లూ ఇంటి నుంచే పని చేశాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నారు. కంపెనీ క్యాబ్ వస్తుంది కానీ నన్ను ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టాలి, పైగా కుర్చీ డిక్కీలో పట్టదు. నాన్నకు 66 దాటాయి, ఇక ఎత్తలేరు. సొంత బండి కొందామని షోరూంలు తిరిగితే తలా ఒకటి చెబుతున్నారు. డాలస్‌లో ఉన్న తమ్ముడు అక్కడి ర్యాంపు వ్యాన్ల వీడియోలు పంపి అలాంటిదే చేయించుకోమంటున్నాడు. జీఎస్టీ తగ్గింపు ఉందని ఒకరు, తీసేశారని ఇంకొకరు అంటున్నారు. బండికి మార్పులు చేయిస్తే ఆర్టీఏ వాళ్లు పట్టుకుంటారని మరొకరు భయపెట్టారు. ఏ బండి కొనమంటారు? కంపెనీని ఏమైనా అడగొచ్చా?

ఒక పాఠకురాలు, చందానగర్

జవాబు: మీరు చివర్లో అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. దాన్నిబట్టి మీరు కొనే బండి మారిపోతుంది, అసలు కొనాలా వద్దా అన్నదీ తేలుతుంది. కంపెనీని అడగొచ్చు. అప్పు చేసి బండి తెచ్చుకున్నాక కాదు, కొనకముందే, రాతపూర్వకంగా అడగాలి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టంలో ‘పబ్లిక్ బిల్డింగ్’ అంటే సర్కారు కచేరీ ఒక్కటే కాదు. ప్రైవేటు భవనమైనా నలుగురూ వచ్చిపోయేదైతే దాని కిందికే వస్తుంది. ఆ నిర్వచనంలో పనిచేసే చోటు పేరు విడిగా రాసి ఉంది. ఉన్న పబ్లిక్ బిల్డింగులన్నిటినీ నిబంధనలు వెలువడిన ఐదేళ్లలోపు వీల్‌చెయిర్ తిరిగేలా మార్చాలని సెక్షన్ 45 చెబుతోంది. నిబంధనలు 2017 జూన్ 15న వచ్చాయి. ఆ గడువు 2022 జూన్‌తోనే ముగిసింది. కొత్త భవనాలకైతే సెక్షన్ 44 ఉంది: ఈ ప్రమాణాలు పాటించకపోతే ప్లాన్‌కు అనుమతి ఇవ్వకూడదు, పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదు, అందులో దిగనివ్వకూడదు.

హైటెక్ సిటీలో ఈ మాట ఎత్తితే, మా బిల్డింగ్ కట్టినప్పుడు ఈ రూల్స్ ఎక్కడివి అంటారు. సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్‌లో. వికలాంగుల మొదటి చట్టం 1995లోనే వచ్చి 1996 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. అది ప్రభుత్వాల మీద, అదీ ఆర్థిక స్తోమతను బట్టి మాత్రమే బాధ్యత పెట్టిన మెతక చట్టం, ఒప్పుకుంటాను. కానీ ర్యాంపు అన్న ఆలోచన ఈ కారిడార్‌లో మొదటి అద్దాల మేడ లేవకముందే మన చట్టంలో ఉంది. అప్పుడు మెతకగా ఉన్నది 2016లో గట్టిపడింది.

ఇక రవాణా సంగతి. కంపెనీ మీకు ర్యాంపు ఉన్న క్యాబ్ పెట్టి తీరాలని ఏ సెక్షన్‌లోనూ నేరుగా రాసి లేదు. లేనిది ఉందని చెప్పి మిమ్మల్ని హెచ్ఆర్ ముందు చిన్నబుచ్చలేను. ఉన్నదేమిటో చెబుతాను. వైకల్యం ఉన్న మనిషికి తగిన సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షేనని చట్టంలోని నిర్వచనమే చెబుతోంది. ఆ సర్దుబాటు సంస్థ మోయలేనంత భారం కాకూడదన్నది ఒక్కటే షరతు. కంపెనీ మిగతా ఉద్యోగులందరికీ పికప్, డ్రాప్ ఇస్తూ, ఆ బండ్లలో మీరొక్కరే ఎక్కలేని పరిస్థితి ఉంచితే అది ఈ నిర్వచనం కిందికి వస్తుందని వాదించడానికి మీకు గట్టి ఆధారం ఉంది. పెద్ద ఐటీ కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ బడ్జెట్‌లో ఒక్క బండి మోయలేని భారమని నిరూపించడం వాళ్లకు తేలిక కాదు. ఉద్యోగంలో వివక్ష గురించిన సెక్షన్ 20 మాత్రం ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. అందుకని మీ ఉత్తరంలో ఆ సెక్షన్ రాయకండి, దాన్ని పట్టుకుని మొత్తం ఉత్తరాన్నే తోసిపుచ్చుతారు. సమానత్వాన్ని చెప్పే సెక్షన్ 3, సమాన అవకాశాల విధానాన్ని చెప్పే సెక్షన్ 21 రాయండి. 20 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రైవేటు సంస్థ ఆ విధానంలో వికలాంగ ఉద్యోగులకు ఏయే సదుపాయాలు కల్పిస్తుందో రాయాలి, వాళ్ల వ్యవహారాలు చూసే లైజన్ ఆఫీసర్ ఎవరో చెప్పాలి, వెబ్‌సైట్‌లోనో అందరికీ కనబడే చోటో పెట్టాలి. మీ కంపెనీది ముందు అడిగి తెప్పించుకోండి. చాలామంది ఉద్యోగులు అలాంటి కాగితం ఒకటుందని కూడా ఎరగరు.

కోర్టులు ఏమన్నాయంటే, వికాశ్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తగిన సర్దుబాటును ఈ చట్టానికి ఆయువుపట్టుగా చూసింది. మన దగ్గరి కేసు ఇంకొకటుంది. రంగులు గుర్తించలేకపోతున్నాడని డ్రైవర్ ఉద్యోగం నుంచి పంపేసిన ఒక ఆర్టీసీ ఉద్యోగి విషయంలో, వేరే తగిన పని చూపకుండా మనిషిని ఇంటికి పంపడం చెల్లదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీకి చెప్పింది. అది ప్రభుత్వరంగ సంస్థ కేసే, అయినా కోర్టు ఆలోచన ఎటు నడుస్తోందో మీకు తెలుస్తుంది.

ఉత్తరంలో ‘దయచేసి కనికరించి’ లాంటి మాటలు వద్దు. ఇలా రాస్తే చాలు: ‘నేను మోటారు వీల్‌చెయిర్ వాడే ఉద్యోగిని. నా యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు జతపరిచాను. ప్రస్తుత కంపెనీ క్యాబ్‌లో నేను ఎక్కలేను. కుర్చీతో సహా ఎక్కే వాహనాన్ని వెండర్ ద్వారా ఏర్పాటు చేయడం, లేదా నా సొంత వాహనానికి అయ్యే రోజువారీ ఖర్చు చెల్లించడం, ఈ రెండింటిలో ఒకటి 2016 చట్టం కింద తగిన సర్దుబాటుగా కోరుతున్నాను. బేస్‌మెంట్‌లో లిఫ్టుకు దగ్గరగా వెడల్పాటి పార్కింగ్ స్థలం కేటాయించగలరు. ఏర్పాటు పూర్తయ్యేవరకు ఇంటి నుంచి పని కొనసాగించడానికి అనుమతి కోరుతున్నాను.’ మెయిల్‌లో పంపండి, కాపీ దాచుకోండి. సదరం ఒక్కటే ఉండి యూడీఐడీ ఇంకా తీసుకోకపోతే వెంటనే దరఖాస్తు చేయండి, ఇకమీదట ఎక్కడికెళ్లినా అడిగేది ఆ కార్డే.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. షోరూంకు వెళ్లే ముందు ఇంట్లో టేపు పట్టుకోండి. మీరు మీ కుర్చీలో మామూలుగా కూర్చున్నప్పుడు నేల నుంచి నడినెత్తి దాకా ఎంత ఎత్తు, పాదాల పలక ముందుకొస నుంచి వెనక చక్రం దాకా ఎంత పొడవు, చేతులతో కలిపి ఎంత వెడల్పు, మీతో కలిపి కుర్చీ మొత్తం ఎన్ని కిలోలు. ఈ నాలుగు అంకెలు లేకుండా ఏ సేల్స్‌మన్‌తోనూ మాట్లాడొద్దు. వాళ్లు బ్రోచర్‌లోంచి బండి ఎత్తు చెబుతారు. మీకు కావాల్సింది అది కాదు, వెనక తలుపు తెరిచినప్పుడు కింది అంచు నుంచి పై అంచు దాకా ఉండే ఖాళీ. లోపల తల పట్టినా తలుపు దగ్గర తల తగిలే బండ్లే ఎక్కువ.

రెండో లెక్క ర్యాంపుది. భవనాల్లో ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు, అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. బండి ఫ్లోర్ నేల నుంచి 35 సెంటీమీటర్లు ఉంటే ఆ లెక్కన 4 మీటర్ల 20 సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. అది బండి కంటే పొడవు. అందుకే బండ్లలో ఫ్లోర్ కిందికి దించుతారు, లేదా వాలు నిటారుగా పెట్టి తాడుతో లాగే విన్చ్ బిగిస్తారు, లేదా కరెంటు లిఫ్టు పెడతారు. ఒకటికి నాలుగు వాలు మీద వెనక నుంచి తోసే మనిషి నాన్నగారే అయితే ఆ ర్యాంపు మీకు పనికిరాదు. విన్చ్ గానీ లిఫ్టు గానీ ఉండాల్సిందే.

కుర్చీలోనే కూర్చుని వెళ్లడం ఒక పద్ధతి. కుర్చీలోంచి బండి సీటులోకి జరగడం ఇంకొకటి. మీ చేతుల్లో, భుజాల్లో బలం ఉంటే జారుడు పలక మీద జరగడం నేర్పగలరేమో మీ ఫిజియోథెరపిస్టును అడగండి. అది సాధ్యమైతే ఖర్చు బాగా తగ్గుతుంది. బయటికి తిరిగి మీ వైపు వచ్చే సీటు బిగించుకుంటే మామూలు చిన్న కారు సరిపోతుంది. వేగనార్‌కు అలాంటి సీటును మారుతి సుజుకీయే 2025 చివర్లో తెచ్చింది. అప్పుడు మోటారు కుర్చీని ఆఫీసులోనే ఛార్జింగ్‌లో ఉంచి, మడతపెట్టే తేలికపాటి కుర్చీని బండిలో పెట్టుకోవచ్చు. సీఎన్‌జీ బండి మాత్రం చూడకండి, డిక్కీలో సిలిండరే సగం చోటు తినేస్తుంది. మూడో వరుస సీట్లు ఊడదీయగల రెనో ట్రైబర్ లాంటి బండిలో కుర్చీకి చోటు దొరుకుతుంది, పొడవు 4 మీటర్లలోపే.

జరగడం కుదరదంటే, ఈకో లాంటి పొట్టి వ్యానో, అంతకంటే ఎత్తున్న పెద్ద వ్యానో తీసుకుని మార్పించుకోవాలి. అక్కడ రాజీ పడకూడనిది ఒకటే. మీరు రోడ్డు వైపు ముందుకు చూస్తూ కూర్చోవాలి, అడ్డంగా కాదు. కుర్చీని నాలుగు మూలలా నాలుగు పట్టీలతో ఫ్లోర్‌కు బిగించాలి. ఆ పట్టీలు కుర్చీని ఆపుతాయి, మిమ్మల్ని ఆపవు. మీకు విడిగా నడుము, భుజం రెండూ పట్టే బెల్టు బండి చట్రానికి బిగించి ఉండాలి. పట్టీలకు ఐఎస్ఓ 10542, బండిలో సీటుగా వాడే వీల్‌చెయిర్‌కు ఐఎస్ఓ 7176లోని 19వ భాగం అంతర్జాతీయ ప్రమాణాలు. మార్పులు చేసే వర్క్‌షాప్ వాళ్లను ఈ రెండు నంబర్లు చెప్పి అడగండి. తెల్లమొహం వేస్తే లేచి వచ్చేయండి. చౌకగా వస్తోందని వెల్డింగ్ షాపులో రెండు కొక్కేలు పెట్టించుకుంటే, ఓఆర్ఆర్ మీద ఒక్క సడన్ బ్రేకుతో ప్రాణాల మీదికి వస్తుంది.

మీ తమ్ముడు పంపిన వీడియోల్లోని బండ్లు అక్కడి పెద్ద మినీవ్యాన్లు. ఫ్లోర్ కోసి కిందికి దించి పక్క తలుపులోంచి ర్యాంపు దింపుతారు. వాటిని ఇక్కడికి తెప్పించే ఆలోచన వదిలేయండి, స్టీరింగే ఎడమవైపు ఉంటుంది. ఎలక్ట్రిక్ బండికి ఇక్కడ ఒక ఆకర్షణ ఉంది: జీఎస్టీ 5 శాతమే, తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. కానీ ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ ఉండేది ఫ్లోర్ కిందే. ఆ ఫ్లోర్ కోయడానికి వీల్లేదు. తిరిగే సీటు పద్ధతికైతే ఎలక్ట్రిక్ కారు చూడండి, ర్యాంపు పద్ధతికి వద్దు.

ఆర్టీఏ భయం గురించి. బండి కంపెనీ ఇచ్చిన రూపాన్ని యజమాని మార్చకూడదన్నది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరింత బిగించింది. అనుమతి లేని మార్పుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, లేదా రెండూ విధించవచ్చు. మిమ్మల్ని భయపెట్టిన మనిషి ఇంతవరకు నిజమే చెప్పాడు. ఆయన చెప్పనిది ఏమిటంటే, అదే 2019లో వచ్చిన సవరణ వికలాంగుల కోసం తలుపు తెరిచింది. ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’ అనే పాత పేరు తీసేసి ‘అడాప్టెడ్ వెహికల్’ అని పెట్టింది. యజమాని తన బండిని అడాప్టెడ్ వాహనంగా మార్పించుకుని, ఆ తర్వాత రిజిస్టరింగ్ అథారిటీ ఆమోదం పొందవచ్చని స్పష్టంగా చెప్పింది. కేంద్రం పెట్టిన షరతులకు ఆ మార్పు లోబడి ఉండాలి. అయినా ముందే కొండాపూర్ ఆర్టీఏ కార్యాలయానికి వర్క్‌షాప్ డ్రాయింగులు తీసుకెళ్లి మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడండి. కోసిన ఫ్లోర్‌ను మళ్లీ అతికించలేం కదా. కొత్త బండినైతే తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద వర్క్‌షాప్‌కు పంపి, మార్పులయ్యాక శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకునే వీలు 2023లో నిబంధనల్లో చేర్చారు. మీకు ఇదే సులువైన దారి. డీలర్ తొందరపెట్టి ముందే శాశ్వత నంబరు వేయించేస్తానంటే ఒప్పుకోకండి.

బండి ఎవరి పేరు మీద? మీ పేరు మీదే. నాన్నగారి పేరు మీద కాదు. రిజిస్ట్రేషన్ ఫారం 20లో యజమాని దివ్యాంగులని గుర్తించే గడి 2020 అక్టోబర్ నుంచి ఉంది, అక్కడ టిక్కు పెట్టించండి. ఆర్‌సీలో అడాప్టెడ్ అని పడేదాకా డీలర్‌ను వదలకండి. పన్ను, ఇన్సూరెన్స్, టోల్ రాయితీలన్నీ ఆ ఒక్క మాట మీదే నిలబడతాయి. అందులో ఒక మెలిక కూడా ఉంది. అడాప్టెడ్ వాహనం అంటే ‘వైకల్యం ఉన్న మనిషి మాత్రమే, లేదా ఆ మనిషి కోసం మాత్రమే’ వాడేదని నిర్వచనం. మీరు లేకుండా ఆ బండి పెళ్లిళ్లకూ పేరంటాలకూ తిరిగి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ఈ వాక్యాన్నే పట్టుకుంటుంది. ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి.

అంబులెన్స్‌గా రిజిస్టర్ చేయిస్తే పని తేలికవుతుందని చెప్పే వర్క్‌షాపులు తగులుతాయి. వినకండి. అంబులెన్స్ రవాణా వాహనాల కోవలోకి వెళుతుంది, ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు, వేరే ఇన్సూరెన్స్ మెడకు చుట్టుకుంటాయి. మీరు రోగి కాదు, ఉద్యోగానికి వెళుతున్న మనిషి.

జీఎస్టీ విషయంలో మీకు చెప్పిన ఇద్దరిదీ సగం సగం నిజం. ఇదివరకు 40 శాతం, ఆపైన కాళ్లూచేతుల వైకల్యం ఉన్నవాళ్లు భారీ పరిశ్రమల శాఖ సర్టిఫికెట్ తెచ్చుకుంటే, 4 మీటర్లలోపు చిన్న కారు 18 శాతం జీఎస్టీకే, సెస్సు లేకుండా వచ్చేది. పెట్రోల్‌కు 1200 సీసీ, డీజిల్‌కు 1500 సీసీ పరిమితి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ కొలతల్లోని చిన్న కార్లు అందరికీ 18 శాతానికే వస్తున్నాయి. కాబట్టి కారు ధరలో మీకు విడిగా మిగిలేదేమీ లేదు, ఆ సర్టిఫికెట్ తెప్పిస్తానని డబ్బు అడిగే దళారిని దగ్గరికి రానివ్వకండి. నాకు బాధ కలిగించే సంగతేమిటంటే, కుర్చీతో సహా ఎక్కాల్సిన వాళ్లలో చాలామందికి పొడవైన, ఎత్తైన బండే కావాలి, 4 మీటర్లు దాటిన కార్లకు పన్ను 40 శాతం. ఎక్కువ వైకల్యం ఉన్నవాళ్ల మీదే ఎక్కువ పన్ను పడుతోంది. మీ ఎంపీకి ఉత్తరం రాయాల్సినంత అన్యాయమిది. పాత రాయితీ మీద కారు కొన్నవాళ్లు, ఐదేళ్లు అమ్మబోమని ఇచ్చిన అఫిడవిట్ సంగతి మరవకండి.

బండికి బిగించే మార్పిడి కిట్ల మీద మాత్రం నిజమైన రాయితీ ఉంది. 2021 సెప్టెంబర్‌లో లక్నోలో కూర్చున్న జీఎస్టీ మండలి వికలాంగుల వాహనాల రెట్రోఫిట్ కిట్లను 5 శాతానికి తగ్గించింది. వర్క్‌షాప్ బిల్లులో కిట్టు, కూలీ విడివిడిగా రాయించుకోండి. మొత్తం కలిపి 18 శాతం వేస్తే ఆ నిర్ణయం చూపించండి. లైఫ్ ట్యాక్స్ మినహాయింపు సంగతి డబ్బు కట్టకముందే ఆర్టీఏలో దరఖాస్తు పెట్టి తేల్చుకోండి, కట్టాక వెనక్కి రాబట్టడం చాలా కష్టం. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఐఎంటీ 12 ఎండార్స్‌మెంట్ కావాలని అడగండి. మోటారు టారిఫ్ ప్రకారం వికలాంగుల కోసం మార్చిన వాహనానికి సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గింపు. ఏజెంట్లు తమంతట తాము చెప్పరు. ర్యాంపు, లిఫ్టు విలువను కూడా పాలసీలో రాయించండి, లేకపోతే ప్రమాదంలో అవి పోతే పరిహారం రాదు. జాతీయ రహదారుల టోల్ నిబంధనల్లో వికలాంగుల కోసం ప్రత్యేకంగా తయారైన వాహనానికి మినహాయింపు ఉంది, దానికి విడిగా మినహాయింపు ఫాస్టాగ్ తీసుకోవాలి. ఓఆర్ఆర్ జాతీయ రహదారి కాదు, అక్కడ ఈ నిబంధన చూపించి వాదనకు దిగకండి. జీతంలో ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ చూపిస్తే కాళ్ల వైకల్యం ఉన్న ఉద్యోగికి నెలకు 3,200 రూపాయల దాకా పన్ను లేదన్నది 2025-26 వరకు నడిచిన నిబంధన. ఇప్పటి పరిమితి ఎంతో పేరోల్ వాళ్లతో సరిచూసుకోండి.

వర్క్‌షాప్‌తో ఒప్పందం నోటిమాటగా వద్దు. ఏ పని, ఎంతకు, ఎన్ని రోజుల్లో, ఆర్టీఏ ఆమోదం తెచ్చే బాధ్యత ఎవరిది, ఆమోదం రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. చివరి వాయిదా ఆర్‌సీ చేతికొచ్చాకే ఇవ్వండి. మార్పుల వల్ల కారు కంపెనీ వారంటీ పోతుందా అని డీలర్‌ను మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. పని చెడితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వర్క్‌షాప్ బెంగళూరులోనో పుణెలోనో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే, అంటే రంగారెడ్డి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 2019 చట్టం ఇచ్చిన వెసులుబాటు అది. గడువు రెండేళ్లు. ముందుగా 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే చాలా గొడవలు అక్కడే తెగుతాయి.

ఇక బండి ఆగే చోటు. దీన్ని చాలామంది కొన్నాక చూసుకుంటారు. ఆఫీసు బేస్‌మెంట్ ముఖద్వారం దగ్గర అడ్డంగా వేలాడే కమ్మీ మీద ఎత్తు రాసి ఉంటుంది, అది చూడండి. మీరు ఎంచుకున్న వ్యాన్ దానికింద పట్టకపోతే రోజూ రోడ్డు మీద దిగాలి. వెనక ర్యాంపు అయితే బండి వెనక ర్యాంపు పొడవు, దానికి తోడు కుర్చీ తిరిగే చోటు ఖాళీగా ఉండాలి. పక్క ర్యాంపు అయితే పక్కన ఖాళీ ఉండాలి. జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం వికలాంగుల పార్కింగ్ స్థలం 3.6 మీటర్ల వెడల్పు ఉండాలి, ప్రవేశ ద్వారానికి 30 మీటర్లలోపు ఉండాలి. నీలం రంగు వేసి కుర్చీ బొమ్మ గీసి, మామూలు కారు పట్టేంత చోటే వదిలితే అది ఆ పార్కింగ్ కాదు. బొమ్మ ఉన్న చోట వేరేవాళ్ల బైకులు నిలిపి ఉంటే ఫొటో తీసి ఫెసిలిటీస్ టీంకు మెయిల్ చేయండి, సుగమ్య భారత్ యాప్‌లో కూడా పెట్టండి. ఇంటి దగ్గర అపార్ట్‌మెంట్ సంఘంతో కూడా ఇదే కొలత మాట్లాడుకోండి.

ఈ కొలతలు సలహాలే కదా, పాటించి తీరాలా అని ఎవరైనా అంటే, దానికి జవాబు మన ఊరి నుంచే వెళ్లింది. రాజీవ్ రతూరి కేసులో దేశంలో వికలాంగులకు అందుబాటు ఎలా ఉందో చూసి చెప్పమని సుప్రీంకోర్టు షామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ కేంద్రం ఇచ్చిన నివేదిక ఆధారంగా 2024 నవంబర్ 8న తీర్పు వచ్చింది. ప్రమాణాలను ఉత్త మార్గదర్శకాలుగా వదిలేసిన, 2017 నిబంధనల్లోని నిబంధన 15 మొదటి భాగం మూల చట్టానికే విరుద్ధమని కోర్టు కొట్టేసి, తప్పనిసరిగా పాటించాల్సినవి వేరుచేసి మూడు నెలల్లో రూపొందించమని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. మీ ఫిర్యాదులో ఈ తీర్పు పేరు, తేదీ తప్పక రాయండి.

యాప్ క్యాబ్‌ల మీద ఆశ పెట్టుకోవచ్చా అంటే, ఇప్పటికి కష్టమే. లండన్ నల్ల ట్యాక్సీలన్నీ వీల్‌చెయిర్ ఎక్కేవే, ఎక్కించుకోవడానికి డ్రైవర్ అదనంగా అడగడం అక్కడ నేరం. ఇక్కడ సేవలందించే సంస్థలన్నీ నిబంధనలు వచ్చిన రెండేళ్లలో తమ సేవల్ని అందరికీ అందేలా మార్చాలని సెక్షన్ 46 చెప్పినా, ఆ గడువు 2019లోనే దాటిపోయింది. కుర్చీ చూసి రైడ్ రద్దు చేస్తే స్క్రీన్‌షాట్ దాచండి, అది సేవాలోపం ఫిర్యాదుకు పనికొస్తుంది. మెట్రోను మాత్రం తీసిపారేయకండి. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, ఇంటి నుంచి దగ్గరి మెట్రో స్టేషన్ దాకా, రాయదుర్గం స్టేషన్ నుంచి మీ ఆఫీసు దాకా కాలిబాట మీద కుర్చీ వెళుతుందేమో ఒక ఆదివారం చూసుకోండి. వెళితే వారంలో కొన్ని రోజులకైనా బండి అక్కర్లేదు.

కంపెనీ జవాబివ్వకపోతే, లేదా కుదరదంటే, మలక్‌పేటలోని వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలో విచారించి రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. తెల్లకాగితం చాలు, లాయర్ అక్కర్లేదు. కమిషనర్‌కు సాక్షుల్ని పిలిపించడంలో, పత్రాలు తెప్పించుకోవడంలో సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. కమిషనర్ సిఫారసు చేస్తే సంబంధిత అధికారులు తీసుకున్న చర్యను మూడు నెలల్లో తెలియజేయాలి. చట్టాన్ని ఉల్లంఘించినందుకు సెక్షన్ 89 కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా. పెద్ద కంపెనీకి అది పెద్ద సొమ్మేమీ కాదు. అయినా కమిషనర్ నోటీసు వచ్చిందంటే హెచ్ఆర్ దగ్గర ఆగిన ఫైలు లీగల్ విభాగానికి చేరుతుంది, అక్కడి నుంచి మాట మారుతుంది.

లాయర్ కావాల్సి వస్తే ఫీజు గురించి వెనకాడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టంలోని సెక్షన్ 12 ప్రకారం వైకల్యం ఉన్నవాళ్లకు న్యాయ సహాయం ఉచితం, అందుకు ఆదాయ పరిమితి లేదు. ఐటీ జీతం ఉన్నా మీరు అర్హులే. 15100కు ఫోన్ చేయండి, లేదా ఎల్‌బీనగర్ కోర్టుల్లోని రంగారెడ్డి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు యూడీఐడీ కాపీ, కంపెనీకి రాసిన మెయిల్, వచ్చిన జవాబు పట్టుకుని వెళ్లండి. బండి బుకింగ్ అడ్వాన్స్ మాత్రం ఆ మెయిల్‌కు జవాబు వచ్చేదాకా కట్టకండి.